బాలాంబగారు తీపి ముట్టలేదు

పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ ముందు ఒక స్వీటూ ఒక హాటూ పెట్టాలన్న పద్ధతి ఎవరు మొదలెట్టారో తెలియదు గానీ, దాన్ని రోలుగుంట బాలాంబగారు వాడుకున్నంత గట్టిగా నర్సీపట్నం చుట్టుపక్కల ఇంకెవరూ వాడుకోలేదు. మనవణ్ణి వెంటబెట్టుకుని సంబంధాలు చూస్తూ ఆవిడ గడప తొక్కిన ప్రతి ఇంటా ఒకటే వరస. మిరపకాయ బజ్జీ పెడితే తింటారు. బాగుందంటారు. ఇంకోటి ఉంటే వెయ్యమంటారు. పక్కనున్న తీపిని మాత్రం కన్నెత్తి చూడరు. కాఫీ కూడా పంచదార లేకుండానే. "మాట కుదిరిన ఇంట్లోనే నోరు తీపి సేసుకుంటానమ్మా" అని ముందే చెప్పేస్తారు. ఆవిడ లేచి వెళ్ళేటప్పటికి ఆ తీపి పళ్ళెంలో అలాగే ఉంటే సంబంధం తప్పిపోయినట్టే. మధ్యవర్తి మళ్ళీ ఫోను చెయ్యనక్కర్లేదు.

ఆవిడ చేత తీపి తినిపించాలని జనం పడని పాట్లు లేవు. కోటవురట్లలో ఒక తల్లి నేతిలో ముంచి తీసిన బొబ్బట్లు పెట్టింది. ఏటికొప్పాకలో ఒక పెద్దమనిషి పూతరేకు పొర విప్పి ఏకంగా ఆవిడ నోటి దాకా తీసుకెళ్ళాడట. ఆవిడ నోరు బిగించి, మిక్చరు మాత్రం పొట్లం కట్టించుకుని ఇంటికి వెళ్ళిపోయారు. "బాలాంబగారు తీపి ముట్టలేదు" అన్న మాట ఈ ప్రాంతంలో సామెతైపోయింది. పని కాలేదని చెప్పడానికి ఆఫీసుల్లో కూడా అదే అంటున్నారు.

అలాంటి బాలాంబగారు ఈ ఆదివారం ఉదయశ్రీ ఇంటికి రాబోతున్నారు.

ఉదయశ్రీ యలమంచిలిలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతుంది. బాలాంబగారి మనవడు రవికాంత్ ఆ ఊళ్ళోనే ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తాడు. ఇద్దరూ నర్సీపట్నం కాంప్లెక్సులో ఒకే బస్సు ఎక్కుతారు. పక్కపక్క సీట్లలో రెండేళ్ళు కూర్చున్నా రవికాంత్ మనసులో మాట చెప్పలేదు. చివరికి ఆమే చెప్పింది. అతను "అలాగేనండీ" అన్నాడు. ఆ మనిషి తీరే అంత. మంగలి తల సగం గొరిగేసి ఎలా ఉందంటే బాగుందనే రకం. ఎవరినీ దేనికీ కాదనలేడు, తనకేం కావాలో పైకి అడగనూ లేడు. అంత మెత్తని మనిషిని ఎందుకు ఇష్టపడ్డానా అని ఉదయశ్రీ అప్పుడప్పుడూ తనను తానే తిట్టుకునేది. కానీ అతను సెలవు పెట్టిన రోజు ఆ బస్సులో ఆమెకు ఊపిరాడేది కాదు.

"మా నాయనమ్మ తీపి తినకపోతే ఎలాగండీ ఉదయగారూ?" అన్నాడు రవికాంత్, పెళ్ళిచూపుల తేదీ ఖాయమైన మర్నాడు. "అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఆవిడ మాట దాటలేను."

"అంటే ఆవిడ వద్దంటే నన్ను వదిలేస్తారా?"

"మిమ్మల్నీ వదల్లేను."

"మరేటి చేస్తారు?"

రవికాంత్ కిటికీలోంచి చెరుకు తోటల కేసి చూశాడు. జవాబు లేనప్పుడల్లా అతను చెరుకు తోటల కేసే చూస్తాడు. ఆ దారిలో చెరుకు తోటలకు కొదవలేదు గనక రోజులు వెళ్ళిపోతున్నాయి.

ఉదయశ్రీకి ఒళ్ళు మండింది. ఒళ్ళు మండినప్పుడే ఆమె బుర్ర పాదరసంలా పనిచేస్తుంది. ఆ సాయంత్రం ఫోనులో ఏదో వంట వీడియో చూస్తుంటే, ఒకావిడ రెండు రొట్టెముక్కల మధ్య చీజూ పండుముక్కలూ మిరియాలూ పెట్టి పెనం మీద కాలుస్తోంది. తియ్యగానూ ఉంటుందట, ఉప్పగానూ కారంగానూ ఉంటుందట, అన్నీ ఒకే కొరుకులో. ఉదయశ్రీ లేచి కూర్చుంది. తీపిని వేరే పెడితే కదా ఆవిడ వదిలేసేది! కారం పొట్టలోనే దాచి పెడితే ఎలా వదులుతుంది? ఒక్క కొరుకు లోపలికి వెళ్ళిందంటే చాలు, నోరు తీపి అయిపోయినట్టే. మాట కుదిరిపోయినట్టే.

"ఇది మోసం కదండీ?" అన్నాడు రవికాంత్ మర్నాడు బస్సులో.

"మోసం కాదు, వంట. మీరు నోరు మూసుకుని కూర్చోండి చాలు."

ఆ పని అతనికి బాగా వచ్చు.

ఇంట్లో అంత తేలిగ్గా తెమల్లేదు. ఉదయశ్రీ తల్లి వరహాలక్ష్మి నెత్తి కొట్టుకుంది. "పెళ్ళిచూపులకి బ్రెడ్డేటే? జొరం వచ్చినోళ్ళకి పెట్టేది గదే బ్రెడ్డు!" అంది. తండ్రి రామచంద్రమూర్తిగారు రిటైరైన హెడ్మాస్టరు. ఆయన సంగతంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకుని, "పరీక్షలో చీటీ దాచిపెట్టినట్టే కదమ్మా ఇది. నువ్వే పిల్లల జేబులు వెతుకుతావు. ఇప్పుడు నువ్వే రొట్టెలో దాస్తావా?" అన్నారు.

"పట్టుబడితే కదా నాన్నా చీటీ అయ్యేది?"

ఆయనకు కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి పేపరు అడ్డం పెట్టుకున్నారు.

అబీద్ సెంటర్లో బేకరీ నుంచి బ్రెడ్డూ చీజూ వచ్చాయి. ఏ పండు పెట్టాలన్నది మాత్రం తేలలేదు. అరటిపండు పెడితే వేడికి ముద్దై, పాయసంలో బజ్జీ పడ్డట్టు తయారైంది. జామపండు పెడితే గింజలు పళ్ళలో ఇరుక్కున్నాయి. సీతాఫలం గింజలు ఏరడంలోనే ఒక సాయంత్రం గడిచిపోయింది. సపోటా పెట్టింది తిని రామచంద్రమూర్తిగారు, "ఇది ఏ జబ్బుకు వాడే మందమ్మా?" అని అడిగారు. రోజూ బ్రెడ్డు ప్యాకెట్లు రావడం చూసి పక్కింటి అప్పలలక్ష్మి, "ఎవులికమ్మా జొరం? నాలుగు రోజులైనా తగ్గలేదేటి?" అని పరామర్శకు వచ్చింది. ఎవరికీ లేదంటే నమ్మలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో, "ఎందుకైనా మంచిది, రక్త పరీక్ష సేయించండి" అని మెల్లిగా చెప్పి వెళ్ళింది.

చివరికి అనాసపండు గట్టెక్కించింది. చింతపల్లి ఘాట్ రోడ్డు దిగి వచ్చిన పండు, వాసనకే నోట్లో నీళ్ళూరాయి. ఉదయశ్రీ దాన్ని పల్చగా తరిగి, వెన్నలో వేసి, చిటికెడు బెల్లం చల్లి, నీరంతా ఇగిరి అంచులు ఎర్రబడేదాకా వేయించింది. ఉప్పూ మిరియాలపొడీ వేసింది. పండు తడి రొట్టెకు తగిలితే మెత్తబడిపోతోందని ముందు రెండు శాండ్‌విచ్‌లు పాడయ్యాక తెలిసింది. అందుకని కింద ఒక చీజు ముక్క, పైన ఒక చీజు ముక్క, మధ్యలో అనాస, దాని మీద పచ్చిమిరపకాయ, కొత్తిమీర. రొట్టెకు బయట వెన్న రాసి అట్లపెనం మీద వేసి, పైన పళ్ళెం బోర్లించి, దాని మీద అల్లం దంచుకునే ఇనప రోలు పెట్టింది. కాసేపటికి ఇల్లంతా కమ్మని వాసన.

వరహాలక్ష్మి ఒక మూల కొరికింది. రెండో మూల కూడా కొరికింది. "ముందు కారం తగుల్తాది. తరవాత ఉప్పన. ఆఖర్న దొంగలా తీపి వస్తాది," అంది.

"ఆ దొంగే మనకి కావాలి," అంది ఉదయశ్రీ.

ఇంకా బెల్లం తగ్గించాలా, మిరియాలు పెంచాలా అని శనివారం రాత్రిదాకా చేస్తూ తింటూ చేస్తూ తింటూ, పాపం ఉదయశ్రీకి అనాసపండు పేరు వింటేనే కడుపులో తిప్పే పరిస్థితి వచ్చింది. ఆ నీరసంలో కూడా ఒక పని మరచిపోలేదు. తల్లి ఎందుకైనా మంచిదని చాటుగా చేసి దాచిన రవ్వలడ్డూల డబ్బా బయటికి లాగి, ఒక్కటీ మిగల్చకుండా అప్పలలక్ష్మి పిల్లలకు పంచేసింది. విడిగా తీపి కంటపడితే బాలాంబగారికి తన నియమం గుర్తొస్తుందని భయం.

ఆదివారం సాయంత్రం బాలాంబగారూ రవికాంతూ ఆటో దిగారు. బాలాంబగారు బక్కపల్చటి మనిషి. జరీ అంచు నేత చీర, ముక్కుకు రాళ్ళ బేసరి, చూపు మాత్రం పోస్టాఫీసు ముద్ర వేసినట్టు పడుతుంది. కుర్చీలో కూర్చుని, కాళ్ళకు నమస్కరించిన ఉదయశ్రీని పైనుంచి కిందికి చూసి, "సల్లగా ఉండు" అన్నారు. రవికాంత్ పక్కన కూర్చుని నేల చూపులు చూస్తున్నాడు. ఇక్కడ చెరుకు తోటలు లేవు పాపం.

ఉదయశ్రీ పళ్ళేలు తెచ్చింది. ఒక్కోదాంట్లో ముక్కోణంగా కోసిన రెండేసి శాండ్‌విచ్ ముక్కలు. బాలాంబగారు పళ్ళెంలోకి వంగి చూశారు.

"బ్రెడ్డా? ఎవులికమ్మా ఒంట్లో బాగోలేదు?"

"అందరం బాగానే ఉన్నామండీ. ఇది కొత్త రకం టిఫినండీ మామ్మగారూ. కారంగా ఉంటుంది," అంది ఉదయశ్రీ, లెక్కల మాస్టారి గొంతుతో. అబద్ధం లేదు, నిజం సగమే ఉంది.

"మరి స్వీటేది?"

"మీరు తినరని విన్నామండీ. అందుకని పెట్టలేదు."

బాలాంబగారు కనుబొమలు ఎగరేశారు. ఇన్నేళ్ళలో ఆ మాట అన్న ఇల్లు ఇదే మొదటిది కాబోలు. మనవడి పళ్ళెం కేసి ఒకసారి, తన పళ్ళెం కేసి ఒకసారి చూసుకుని, ఏదో తక్కువైనట్టు కాస్త ఇబ్బందిగా కదిలారు. తర్వాత ఒక ముక్క తీసుకుని కొరికారు. చీజు తీగలా సాగింది. ఆవిడ దాన్ని వేలికి చుట్టి తెంపి, నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి మింగారు.

రామచంద్రమూర్తిగారు తలుపు పక్కన నిలబడి, తనకేం సంబంధం లేనట్టు కేలండరు చూస్తున్నారు. ముక్క మొత్తం తిన్నాక నెమ్మదిగా చెప్పాలని ఒప్పందం. కానీ వరహాలక్ష్మికి ఆనందం ఆగలేదు.

"హమ్మయ్య! నోరు తీపి సేసేసుకున్నారు పిన్నిగారూ!" అని చప్పట్లు కొట్టేసింది.

"తీపేటి?" అన్నారు బాలాంబగారు.

బాలాంబగారు ముక్కను పళ్ళెంలో పెట్టి, పై రొట్టెను చాప ఎత్తినట్టు ఎత్తి చూశారు. లోపల చీజు దుప్పటి కింద అనాసముక్కలు పడుకుని ఉన్నాయి. ఆవిడ ఎవరి మీదా అరవలేదు. చారులో కరివేపాకు ఏరినట్టు ఒక్కొక్క ముక్కా ఏరారు. రెండో శాండ్‌విచ్ కూడా విప్పి ఏరారు. ఏరినవన్నీ తీసి రవికాంత్ పళ్ళెంలో పెట్టారు. పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని అతని పళ్ళేన్నే చూస్తూ కూర్చున్నారు.

రవికాంత్‌కు చెమటలు పట్టాయి. చెయ్యి పళ్ళెం దాకా వెళ్ళి ఆగిపోయింది. పక్కనున్న గ్లాసు తీసుకుని నీళ్ళు తాగాడు.

బాలాంబగారి మొహంలో ఏదో వాడిపోయింది. "సరేలే. ఎల్దాం రా, వాన వచ్చేలా ఉంది," అని లేచారు.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఉదయశ్రీకి తెలుసు. ఆ తల తనదే అవుతుందని మాత్రం అనుకోలేదు. రవికాంత్ కూడా లేస్తున్నాడు. నిజంగానే లేస్తున్నాడు! ఆ మనిషి ఇలాగే అలాగేనండీ అంటూ బయటికి వెళ్ళిపోతాడు, రేపు బస్సులో కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు, ఎల్లుండి ఇంకెవరింట్లోనో బజ్జీ తింటాడు. ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఆగండి మామ్మగారూ!" అంది. "దాచింది నేనే. మా అమ్మది గానీ, మీ మనవడిది గానీ తప్పు లేదు. మీరు తీపి ముట్టకుండా వెళ్ళిపోతే ఈయన నోరు మెదపరని తెలిసి దాచాను. రెండేళ్ళ నుంచి మేం ఒకే బస్సులో తిరుగుతున్నాం. నాకు మీ మనవడు కావాలి. అంతే. తిట్టాలనుకుంటే తిట్టండి, కానీ వెళ్ళిపోకండి."

వరహాలక్ష్మి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాలాంబగారు గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, ఉదయశ్రీని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు.

"ఓలమ్మా! ఎంత పని సేసినావే గుంటా. తీపీ కారం కలిపేసి నా లెక్కంతా సెడగొట్టేసినావు."

"మీ లెక్కా?"

"నా పళ్ళెం లెక్క కాదే. ఆడి పళ్ళెం." బాలాంబగారు మనవడి కేసి గడ్డంతో చూపించారు. "ఈడికి ఏడేళ్ళప్పుడు హాస్టల్లో ఎయ్యమని ఎవులో అన్నారు. ఎల్తావేట్రా అంటే ఎల్తానన్నాడు. సేతిలో లడ్డూ పెట్టినాను. కాదన్లేదు, తిన్లేదు. సీమలు పట్టేదాకా అలాగే పట్టుకుని కూకున్నాడు. అప్పుడు తెలిసింది నాకు. నోటితో వద్దనలేడు గానీ, మనసుకి పడకపోతే ఈడికి తీపి గొంతు దిగదు. హాస్టలు మానిపించేసినాను."

రవికాంత్ నోరు తెరుచుకుని వింటున్నాడు.

"ఏ ఇంటికెల్లినా ఇదే. బజ్జీ తింతాడు, తీపి పక్కనెట్టి నీళ్ళు తాగేస్తాడు. ఆడు ముట్టకపోతే నేనూ ముట్టను. ఊరందరూ నా పళ్ళెం సూసినారు. ఆడి పళ్ళెం ఎవులు సూసినారు?"

"నేను తిన్లేదని నాకే తెలీదు నాయనమ్మా," అన్నాడు రవికాంత్ నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో. "అందరూ నీ వల్లే సంబంధాలు పోతున్నాయని..."

"అననీ. ఆ సెడ్డపేరు నాకుంటే ఏటి? నాకేటైనా మళ్ళీ పెళ్ళిసూపులున్నాయా?" అన్నారు బాలాంబగారు. "ఇయ్యాల ఈ యింట్లో స్వీటే లేదు. ఎలాగ తెలస్తాది? అందుకే ఏరి నీ పళ్ళెంలో ఎట్టినాను. నువ్వు మళ్ళీ నీళ్ళు తాగినావు."

అప్పుడర్థమైంది ఉదయశ్రీకి. ఆవిడ ఏరింది తనను కాదనడానికి కాదు. తను పన్నిన ఎత్తే తన పెళ్ళికి అడ్డం పడింది.

"భయమేసి తాగాను నాయనమ్మా! దొరికిపోయామని..." అన్నాడు రవికాంత్.

"అయితే ఇప్పుడు సెప్పు. ఇష్టమేనా? అడగందే అమ్మైనా పెట్టదురా, నేను అమ్మమ్మని కూడా కాదు, నాయనమ్మని. నోరు తెరిచి సెప్పు."

రవికాంత్ ఉదయశ్రీ కేసి చూశాడు. కిటికీ కేసి చూశాడు. అక్కడ చెరుకు తోట లేదు, పరామర్శకు వచ్చిన అప్పలలక్ష్మి తల ఉంది. ఇక దారి లేక పళ్ళెం తీసుకున్నాడు. అనాసముక్కలన్నీ పోగుచేసి ఒకేసారి నోట్లో కుక్కుకున్నాడు. బుగ్గలు రెండూ ఉబ్బిపోయాయి. "ఇష్టం" అన్నాడు కాబోలు, "ఇహం" అని వినిపించింది. అంతటితో ఆగకుండా తన శాండ్‌విచ్‌లు రెండూ కూడా తినేశాడు. పక్కన రామచంద్రమూర్తిగారి కోసం పెట్టింది కూడా తీసుకున్నాడు. ఆయన "తిను నాయనా, తిను" అని కళ్ళు తుడుచుకున్నారు.

బాలాంబగారు పొంగిపోయి నవ్వారు. నవ్వాక చెయ్యి చాచి, "మరి నాకు? మాట కుదిరినాక నేను నోరు తీపి సేసుకోవాల గదా. ఒక్క ముక్కైనా ఉంచలేదురా దరిద్రుడా!" అన్నారు.

"ఇందాక తిన్నారు కదండీ," అంది వరహాలక్ష్మి ఆశగా.

"తెలీకుండా తిన్నది లెక్కలోకి రాదు."

లడ్డూలు లేవు. అవి అప్పలలక్ష్మి పిల్లల కడుపుల్లో ఉన్నాయి. ఉదయశ్రీ వంటింట్లోకి పరుగెత్తి పొయ్యి వెలిగించి, మిగిలిన అనాసముక్కలు పెనం మీద వేసింది. ఆ వాసన తగలగానే మొహం పక్కకు తిప్పుకుంది. పళ్ళు బిగబట్టి కలియబెడుతుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"బెల్లం కొంచెం ఎయ్యి, పిసినారీ. ఇప్పుడింక దాసిపెట్టక్కర్లేదు గదా."

బాలాంబగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. రొట్టె కాలేదాకా అక్కడే నిలబడ్డారు. పెనం మీంచి దించగానే కాలుతున్న శాండ్‌విచ్‌ను ఊదుకుంటూ రెండుగా తుంచారు. సగం తాము కొరికి, కళ్ళు మూసుకుని నమిలి, "బాగుందే" అన్నారు. ఇన్నేళ్ళకు బాలాంబగారు తీపి ముట్టారు. రెండో సగం ఉదయశ్రీ చేతిలో పెట్టారు.

"నువ్వూ తిను. ఇన్ని ఇళ్ళు తిరిగినాను గానీ ఏ ఆడపిల్ల పళ్ళెం ఏనాడూ సూడలేదమ్మా నేను. ఆడికి ఇష్టమా కాదా అనే సూసినాను. నీదీ సూడాల గదా."

ఆ మాట ఉదయశ్రీని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. అయినా చేతిలో ఉన్నది మాత్రం అనాసే. ఎదురుగా ఆ పోస్టాఫీసు ముద్ర చూపు. ఆమె కళ్ళు మూసుకుని కొరికింది. నమిలింది. మింగింది. మళ్ళీ కొరికింది. ఆఖరి ముక్క దాకా తినేసి, అరచేతికి అంటిన చీజు కూడా నాకేసి, ఏమీ ఎరగనట్టు నవ్వబోయింది.

బాలాంబగారు ఆమె మొహంలోకి తేరిపార చూశారు.

"అనాసంటే మొహం మొత్తినట్టుందే నీకు. నాలుగు రోజుల్నించీ ఇదే తింతన్నావేటి?"

ఉదయశ్రీ ఈసారి దాచలేదు. తలూపింది.

"అయినా తిన్నావు," అన్నారు బాలాంబగారు. చీర కొంగుతో ఆమె మూతి తుడిచి, హాల్లోకి వినిపించేలా కేకేశారు. "ఒరే రవీ! బేగి ముహూర్తం సూడమని సెప్పు. ఈ గుంట పళ్ళెం కూడా ఖాళీ!"